చలిజ్వరం గుట్టు విప్పిన రోనాల్డ్ రాస్

(ఆగస్టు 20 దోమల దినం సందర్భంగా)

అనంతపురం, ఆగస్టు 20 : దోమ కుడితే చలిజ్వరం వస్తుందన్న సంగతి ఇప్పుడు మూడో తరగతి చదివే పిల్లవాడు కూడా చెబుతాడు. కాని 1897కు ముందు ఈ సంగతిని రుజువుతో చెప్పగలిగిన వైద్యుడు ప్రపంచంలో ఒక్కడు కూడా లేడు. చెరువు గట్ల మీది చెడుగాలి వల్ల వస్తుందని కొందరు, చెడ్డ నీళ్ళ వల్ల వస్తుందని కొందరు, గ్రహచారమని కొందరు అనుకునేవారు. మలేరియా అన్న పేరుకే ఇటలీ భాషలో చెడుగాలి అని అర్థం. ఆ పేరు అలాగే మిగిలింది గాని, గాలి మీద మోపిన నేరం మాత్రం తొలగిపోయింది. ఆ నేరాన్ని తొలగించి అసలు దొంగను పట్టి ఇచ్చిన మనిషి రోనాల్డ్ రాస్. పట్టి ఇచ్చిన చోటు మన తెలుగు గడ్డ మీదిదే, సికింద్రాబాదు పక్కన ఉన్న బేగంపేట.

రాస్ దొర జీవితం మన జిల్లా పల్లె జనానికి పనికివచ్చే కథ. ఆయన పనిచేసిన బెంగుళూరు మనకు దక్షిణాన, సికింద్రాబాదు ఉత్తరాన ఉన్నాయి. ఆయన తలమునకలుగా వెతికిన తొట్లు, బావులు, కాల్వలు మన ఊళ్ళలో ఇప్పటికీ ఉన్నాయి.

గుత్తిలో జరిగిన ఒక ఖననం

రాస్ గొప్పతనం తెలియాలంటే ఆయనకు ముందు కాలంలో రోగం ముందు మనిషి ఎంత నిస్సహాయుడో తెలియాలి. మన దత్తమండలాలకు తొలి ప్రధాన కలెక్టరుగా ఉండి, రైతు వద్ద నేరుగా శిస్తు కట్టించుకొనే రైత్వారీ పద్ధతి తెచ్చిన సర్ థామస్ మన్రో పేరు తెలియని వారు ఈ ప్రాంతంలో అరుదు. మన్రోలప్ప అని పిల్లలకు పేరు పెట్టుకున్న ఇళ్ళు కూడా ఉండేవి. ఆ మన్రో మద్రాసు గవర్నరై, పదవి ముగించుకొని వెళ్ళే ముందు ఈ మండలాలను ఒకసారి చూసి పోదామని వచ్చి, 1827 జులై 6న పత్తికొండలో కలరా సోకి మరణించారు. ఉదయం రోగం కనిపించింది, రాత్రికి ప్రాణం పోయింది. ఆయనను గుత్తిలో ఖననం చేసి, 1831లో అస్థికలను మద్రాసు కోటకు తరలించారు.

గవర్నరుకు వైద్యులు, నౌకర్లు, గుర్రాలు, గుడారాలు అన్నీ ఉన్నాయి. లేనిది ఒక్కటే, రోగం ఏ దారిన వస్తుందన్న తెలివిడి. ఆ తెలివిడి లేనప్పుడు గవర్నరుకూ గొర్రెల కాపరికీ తేడా లేదు. కలరా నీటి ద్వారా వ్యాపిస్తుందని లండన్‌లో జాన్ స్నో అనే వైద్యుడు రోగుల ఇళ్ళను, వారు నీళ్ళు తెచ్చుకొన్న పంపులను లెక్క కట్టి చూపింది 1854లో. మన్రో పోయిన 27 ఏళ్ళకు గాని ఆ సంగతి బయటపడలేదు. చలిజ్వరం సంగతి తేలడానికి మరో 43 ఏళ్ళు పట్టింది.

అల్మోరాలో జననం

రోనాల్డ్ రాస్ 1857 మే 13న హిమాలయ ప్రాంతంలోని అల్మోరాలో జన్మించారు. మీరట్‌లో సిపాయిల తిరుగుబాటు మొదలై అప్పటికి మూడు రోజులే అయింది. తండ్రి బ్రిటిష్ ఇండియా సైన్యంలో అధికారి, తరువాత జనరల్ అయ్యారు. పది మంది సంతానంలో రాస్ పెద్దవాడు. ఎనిమిదో ఏట చదువు కోసం ఇంగ్లండుకు పంపించారు.

రాస్‌కు వైద్యం మీద మనసు లేదు. కవిత్వం రాయాలని, బొమ్మలు వేయాలని, సంగీతం కట్టాలని, లెక్కలు చేయాలని కోరిక. తండ్రి మాత్రం కొడుకు డాక్టరై ఇండియాలో సర్కారీ వైద్య కొలువులో చేరాలని పట్టుబట్టారు. తండ్రి మాట కాదనలేక లండన్‌లోని సెయింట్ బార్తలమ్యూ ఆసుపత్రి వైద్య కళాశాలలో చేరారు. చదువు అంతంత మాత్రమే. ఒక పరీక్ష గట్టెక్కి, మరొక పరీక్ష తప్పి, కొంతకాలం ఓడలో డాక్టరుగా లండన్, న్యూయార్కుల మధ్య తిరిగారు. 1881లో మళ్ళీ పరీక్షలు రాసి ఇండియన్ మెడికల్ సర్వీసుకు ఎంపికయ్యారు. ఎంపికైన 22 మందిలో ఆయనది 17వ స్థానం. ప్రపంచ ప్రఖ్యాతి పొందబోయే మనిషి అని ఆనాడు ఆయనను చూసి ఎవ్వరూ అనుకొని ఉండరు.

బెంగుళూరు నీళ్ళ తొట్టి

మద్రాసు రాజధాని కొలువు దక్కింది. మద్రాసు, బెంగుళూరు, బర్మా, అండమాన్లు తిరిగారు. పని తక్కువ, తీరిక ఎక్కువ. ఆ తీరికలో నవలలు రాశారు, గణితం చదివారు.

1883 ప్రాంతంలో బెంగుళూరులో ఉన్నప్పుడు ఒక చిన్న సంగతి జరిగింది. ఆయన బంగళాలో దోమల బాధ విపరీతం. ఒక గదిలో మరీ ఎక్కువ. ఎందుకా అని వెతికితే కిటికీ బయట నీళ్ళ తొట్టి ఒకటి కనిపించింది. తొంగి చూస్తే నీళ్ళనిండా మెలికలు తిరుగుతున్న సన్నటి పురుగులు. అవి దోమ పిల్లలే. తొట్టిని బోర్లించగానే ఇంట్లో దోమలు చాలావరకు తగ్గిపోయాయి. సంతోషంతో తన పైఅధికారి వద్దకు పోయి, సైనికాధికారుల భోజనశాలలో కూడా నీళ్ళు నిలిచే పాత్రలన్నీ ఖాళీ చేయిద్దామని అడిగారు. ఆ అధికారి ఒప్పుకోలేదు. దోమలను కూడా దేవుడు ఏదో ఒక పనికే సృష్టించి ఉంటాడు గనుక ఆ ఏర్పాటును తలకిందులు చేయరాదన్నది ఆయన వాదం.

అప్పటికి దోమకూ జ్వరానికీ సంబంధం ఉందని రాస్‌కు కూడా తెలియదు. నిద్ర చెడగొడుతున్నాయనే ఆ పని చేశారు. అయినా రెండు సంగతులు ఆయనకు ఆనాడే బోధపడ్డాయి. దోమ పుట్టేది ఇంటి పక్క నీళ్ళలోనే అన్నది మొదటిది. తొట్టి బోర్లించడం కన్నా, బోర్లించమని సాటి మనిషిని ఒప్పించడం కష్టమన్నది రెండవది. ఈ రెండో కష్టం ఆయనను జీవితాంతం వదలలేదు.

అనుమానం తీర్చిన గురువు

1888లో సెలవు మీద ఇంగ్లండు పోయి ప్రజారోగ్యంలో డిప్లొమా చేశారు, సూక్ష్మక్రిముల శాస్త్రం నేర్చుకున్నారు. 1889లో రోజా బ్లాక్సమ్‌ను వివాహమాడి ఇండియాకు తిరిగి వచ్చారు. ఆ తర్వాతనే ఆయన మనసు చలిజ్వరం వైపు మళ్ళింది.

లవరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు 1880లో అల్జీరియాలో చలిజ్వరం రోగి రక్తంలో ఒక పరాన్నజీవిని చూశారు. రాస్ ఎంత వెతికినా అది కనపడలేదు. లవరాన్ పొరబడ్డారనే అనుకున్నారు. 1894లో లండన్‌లో పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడిని కలుసుకోవడంతో అనుమానం తీరింది. బోదకాలు పురుగును దోమ మనిషి రక్తంతో పాటు పీల్చుకుంటుందని చైనాలో ఉండగా కనుగొన్నది ఈ మాన్సనే. ఆయన సూక్ష్మదర్శినిలో ఆ పరాన్నజీవిని రాస్‌కు కళ్ళారా చూపించారు. చలిజ్వరం కూడా దోమ ద్వారానే వస్తుండవచ్చని, ఇండియా పోయి వెతకమని ప్రోత్సహించారు.

అయితే గురువు ఊహలో ఒక లోపం ఉంది. రోగి రక్తం తాగిన దోమ నీళ్ళలో పడి చస్తుందని, ఆ నీళ్ళు తాగిన వాళ్ళకు జ్వరం వస్తుందని మాన్సన్ భావించారు. దోమ కాటే దారి అని ఆయనకు తోచలేదు.

బేగంపేటలో రెండేళ్ళ గాలింపు

1895లో రాస్ సికింద్రాబాదులోని మద్రాసు పదాతి దళానికి వైద్యుడుగా వచ్చారు. బేగంపేటలో చిన్న సైనిక ఆసుపత్రి. రోగుల మీద దోమలను వదిలి, అవి రక్తం తాగాక వాటి పొట్ట కోసి సూక్ష్మదర్శిని కింద చూడడం పని. గురువు ఊహను పరీక్షించడానికి దోమలు చచ్చిన నీళ్ళను ఒప్పుకున్న మనుషుల చేత తాగించి చూశారు. ఒకరికి కొద్దిపాటి జ్వరం వచ్చినా, అది రుజువుగా నిలబడలేదు. డబ్బిచ్చి మనుషుల మీద ఇటువంటి ప్రయోగాలు చేయడం నేడు ఏ దేశంలోనూ సాగదు. ఆనాడు అడిగేవారు లేరు.

పని సాగుతుండగానే 1895 సెప్టెంబరులో బెంగుళూరులో కలరా చెలరేగితే రాస్‌ను అక్కడికి పంపారు. ఏడాదికి పైగా దోమల పని మూలన పడింది. ఆ ఊరి పారిశుధ్యం మొత్తాన్నీ పరిశీలించి ప్రభుత్వానికి నివేదిక ఇచ్చారు. రోగిని మంచం మీద చూసే వైద్యుడు ఊరిని రోగిగా చూడడం నేర్చుకున్నది అక్కడే అని చెప్పవచ్చు. 1897లో ఊటీ దగ్గర సీగూరు కనుమలో జ్వరాలను పరిశోధించబోయి తానే చలిజ్వరం పాలయ్యారు. కోలుకొని జూన్‌లో మళ్ళీ సికింద్రాబాదు చేరారు.

ఆ ఏడు వానలు సరిగా లేవు, ఉక్కపోత. పంకా వేస్తే దోమలు చెదిరిపోతాయని పంకా లేకుండానే కూర్చునేవారు. నుదుటి చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. అద్దం పగిలింది. వందల దోమలను కోసి, పొట్టలోని ప్రతి పొరనూ గాలించినా ఏమీ దొరకలేదు. కారణం ఏమంటే ఆయన కోసినవన్నీ వేరే జాతి దోమలు. మురుగులో పుట్టే బూడిదరంగు దోమలు, చారల దోమలు తప్ప, చలిజ్వరం మోసే అనాఫిలిస్ దోమ ఆయన చేతికి చిక్కలేదు. దోమలలో జాతి భేదాలు చెప్పే పుస్తకం కూడా ఆయన వద్ద లేదు.

హుసేన్ ఖాన్‌కు దోమకు ఒక అణా

ఆగస్టు మధ్యలో ఆసుపత్రి సహాయకుడొకరు తెచ్చిన పిల్లపురుగుల నుంచి కొత్తరకం దోమలు వెలువడ్డాయి. గోధుమరంగు ఒళ్ళు, రెక్కల మీద మచ్చలు. హుసేన్ ఖాన్ అనే చలిజ్వరం రోగిని దోమతెరలో పడుకోబెట్టి ఆగస్టు 16న ఆ దోమలను వదిలారు. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున హుసేన్ ఖాన్‌కు ముట్టజెప్పారు.

రోజుకు కొన్ని చొప్పున కోస్తూ పోగా ఆగస్టు 20 నాటికి కొద్ది దోమలే మిగిలాయి. ఆనాడు మధ్యాహ్నం కోసిన దోమ పొట్ట గోడలో గుండ్రటి కణాలు కొన్ని కనిపించాయి. వాటిలో నల్లటి రంగు రేణువులున్నాయి. చలిజ్వరం రోగి రక్తంలోని పరాన్నజీవిలో కనిపించే రేణువులూ అవే. మర్నాడు మిగిలిన దోమను కోశారు. కణాలు ముందటి రోజు కంటే పెద్దవయ్యాయి. అంటే దోమ కడుపులో చలిజ్వరం విత్తనం పెరుగుతోందన్నమాట. రెండేళ్ళ గాలింపు ఫలించింది. ఆనందం పట్టలేక రాస్ ఒక పద్యం రాసుకున్నారు. ఆ ఏడాది డిసెంబరులో ఈ సంగతి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది.

రాస్‌కు ప్రపంచమంతా పేరు వచ్చింది. హుసేన్ ఖాన్ పేరు పుస్తకాలలో ఒక వాక్యంగా మిగిలింది. ఆయన ఒంటి రక్తం లేకపోతే ఆ కణాలు లేవన్నది మరువరాదు.

పిచ్చుకల సాక్ష్యం

ఇంత చేసినా కథ సగమే అయింది. దోమ కడుపులో పెరిగిన విత్తనం మళ్ళీ మనిషిలోకి ఎట్లా వస్తుందన్నది తేలలేదు. సరిగ్గా ఆ సమయంలోనే చలిజ్వరం అంతగా లేని రాజపుటానాలోని ఖేర్వాడాకు ఆయనను బదిలీ చేశారు. మాన్సన్ పలుకుబడితో 1898లో కలకత్తా చేరి మళ్ళీ పని మొదలు పెట్టారు.

కలకత్తాలో వేరే చిక్కు వచ్చింది. ప్లేగు టీకాల మీద జనంలో భయాలు, పుకార్లు వ్యాపించి ఉన్నాయి. సూది పట్టుకున్న డాక్టరును చూస్తే పారిపోతున్నారు. రక్తం ఇచ్చేవారు లేరు. బలవంతం చేసి లాభం లేదని రాస్ పక్షుల మీదికి మళ్ళారు. పిచ్చుకలకు కూడా ఒకరకం మలేరియా వస్తుంది. మహమ్మద్ బక్స్ అనే నమ్మకస్తుడైన సహాయకుడు రాత్రింబవళ్ళు తోడు నిలిచారు. 1898 జులైలో గుట్టంతా బయటపడింది. దోమ పొట్టలోని కణాలు పక్వమై పగులుతాయి. అందులోంచి వేల సన్నటి కదురుల వంటి జీవులు వెలువడి దోమ ఒళ్ళంతా తిరిగి, చివరకు లాలాజల గ్రంథిలో చేరతాయి. దోమ కుట్టేటప్పుడు లాలాజలంతో పాటు అవీ ఒంట్లోకి దిగుతాయి. అటువంటి దోమల చేత కుట్టిస్తే ఆరోగ్యంగా ఉన్న పిచ్చుకలలో ఎక్కువ భాగం జబ్బు పడ్డాయి. నీళ్ళు కాదు, గాలి కాదు, కాటే దారి అని రుజువైంది.

అదే ఏడు చివర ఇటలీలో గ్రాసి, ఆయన మిత్రులు మనిషి చలిజ్వరం అనాఫిలిస్ దోమలో ఆద్యంతం ఎట్లా పెరుగుతుందో చూపించారు. ఘనత ఎవరిదన్న తగాదా అక్కడ మొదలై రాస్, గ్రాసిలు ఇద్దరూ పోయేవరకు సాగింది. 1902లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి రాస్‌కు ఒక్కరికే దక్కింది. ఇండియాలో పుట్టినవారిలో మొదట నోబెల్ పొందింది ఆయనే.

ఎడారిలోకి కాల్వ వస్తే

1899లో కొలువు మానుకొని రాస్ ఇంగ్లండు చేరి లివర్‌పూల్‌లో కొత్తగా పెట్టిన ఉష్ణదేశ వైద్య పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యారు. రోగం దారి తెలిసింది గనుక ఇక దారి మూయాలన్నది ఆయన పట్టు. ఊరూరా దోమల దళాలు ఏర్పాటు చేసి, నీటి గుంటలు పూడ్చి, పాత డబ్బాలు ఏరి, పూడ్చలేని చోట నూనె చల్లాలని ప్రచారం చేశారు. దళాలను ఎట్లా నడపాలో చెబుతూ పుస్తకం రాశారు.

1902లో సూయెజ్ కాల్వ కంపెనీ వారు ఆయనను ఈజిప్టులోని ఇస్మాయిలియాకు పిలిపించారు. ఈ ఊరి కథ మన జిల్లా వారు వినదగినది. చుట్టూ ఎడారి. వాన లేదు, పచ్చగడ్డి లేదు. అక్కడికి మంచినీటి కాల్వ తీసుకువచ్చి తోటలు వేశారు. 1877 నుంచి చలిజ్వరం పట్టుకుంది. రాస్ వచ్చే నాటికి ఏటా వేయికి పైగా కేసులు. కాల్వ ఊటతో ఏర్పడిన మడుగులు, ఇళ్ళ కింది గుంటలే దోమల పుట్టిళ్ళని ఆయన చూపించారు. మడుగులు పూడ్చి, గుంటలలో నూనె పోయించిన కొద్ది ఏళ్ళలోనే కేసులు పదుల్లోకి దిగాయి.

మన దేశంలో మాత్రం ఆయన మాట అంతగా సాగలేదు. లాహోరు దగ్గర మియాన్‌మీర్ దండులో దోమల నిర్మూలన ప్రయత్నించి, ఫలితం లేదని అధికారులు తేల్చారు. పని అరకొరగా చేసి నేరం పద్ధతి మీద వేశారని రాస్ మండిపడ్డారు. పనామా కాల్వ తవ్వినప్పుడు అమెరికా వారు ఇదే పద్ధతిని పట్టుదలగా అమలు చేసి వేల మంది కూలీల ప్రాణాలు కాపాడారు.

కడుపులో బల్ల, కాగితం మీద లెక్క

1907 చివరలో రాస్ మారిషస్ ద్వీపానికి వెళ్ళారు. చెరకు తోటల్లో పనికి మన దేశం నుంచి పోయిన కూలీలు, వారిలో తెలుగువారు కూడా, అక్కడ స్థిరపడ్డారు. 1866, 67 సంవత్సరాల్లో చలిజ్వరం వారిలో వేల మందిని పొట్టన పెట్టుకుంది. ఏ తోటలో రోగం ఎంత ఉందో తెలుసుకోవాలంటే ఒక్కొక్కరి రక్తం చూడడం సాధ్యం కాదు. రాస్ సులువైన దారి పట్టారు. చలిజ్వరం పదే పదే వచ్చే పిల్లలకు ప్లీహం ఉబ్బుతుంది. దాన్నే మన పెద్దలు కడుపులో బల్ల పెరిగిందనేవారు. పిల్లల పొట్ట తడిమి, నూటికి ఎందరికి బల్ల ఉందో లెక్క వేస్తే ఆ ఊరి రోగం తూకం తెలుస్తుంది. 1840లలోనే ఢిల్లీ ప్రాంతపు యమునా కాల్వల వెంబడి డెంప్‌స్టర్ అనే వైద్యుడు ఈ పద్ధతి వాడారు. రాస్ మారిషస్‌లో వేలాది పిల్లలను ఇట్లా పరీక్షించి, ఎక్కడ ముందు డబ్బు ఖర్చు చేయాలో ప్రభుత్వానికి చెప్పారు.

అక్కడే ఆయనకు చిన్ననాటి గణితం అక్కరకు వచ్చింది. దోమలను పూర్తిగా చంపడం ఎవరి తరమూ కాదు, కనుక ఈ ప్రయత్నమే దండగ అని విమర్శకులు అనేవారు. పూర్తిగా చంపనక్కరలేదని రాస్ లెక్క కట్టి చూపారు. ఈ లెక్క మన రైతుకు తేలిగ్గా అర్థమవుతుంది. వేరుశనగ విత్తితే విత్తిన గింజల కన్నా తక్కువ గింజలు చేతికి వస్తూ పోతే కొన్నేళ్ళకు విత్తనమే మిగలదు. చలిజ్వరమూ అంతే. ఒక రోగి నుంచి దోమల ద్వారా కనీసం మరొకరికి జ్వరం అంటితేనే అది నిలుస్తుంది. దోమ రోగిని కుట్టాలి, ఆ తర్వాత సుమారు పది, పన్నెండు రోజులు బతకాలి, మళ్ళీ మనిషినే కుట్టాలి. ఇవన్నీ కలిసి రావడం అరుదు. అందుచేత దోమల సంఖ్య ఒక హద్దు కిందికి దిగితే చాలు, ఒకరి నుంచి ఒకరికి కన్నా తక్కువగా అంటుతూ రోగం తనంతట తానే అంతరిస్తుంది.

1911లో వెలువడిన పుస్తకంలో ఈ సూత్రాన్ని ఆయన వివరంగా రాశారు. రోగాలు జనంలో ఎట్లా పెరుగుతాయో, ఎట్లా తగ్గుతాయో లెక్క వేసే శాస్త్రానికి అది పునాది రాయి. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఒక రోగి ఎందరికి అంటిస్తున్నాడన్న సంఖ్యను పత్రికల్లో రోజూ చదివాము. ఆ ఆలోచనకు మూలం రాస్ లెక్కలోనే ఉంది. తన పనులన్నిటిలో దోమ పొట్టలో కణాలు చూడడం కన్నా ఈ లెక్కనే గొప్పదిగా ఆయన భావించేవారు.

చివరి రోజులు

రాస్ సౌమ్యుడు కాదు. ముక్కోపి. గురువు మాన్సన్‌తో కూడా చివరకు చెడింది. దేశానికి ఇంత మేలు చేసిన తనకు ప్రభుత్వం తగిన ధనం ఇవ్వలేదని పార్లమెంటుకు అర్జీ పెట్టుకున్నారు. 1911లో సర్ బిరుదు వచ్చింది గాని కోరిన ధనం రాలేదు. 1914 ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధంలో పెద్ద కొడుకు ఫ్రాన్సులో హతుడయ్యాడు. ఆ దుఃఖంలోనే సైన్యానికి మలేరియా సలహాదారుగా పనిచేశారు. 1926లో ఆయన పేరిట లండన్‌లో ఒక పరిశోధనాలయం, ఆసుపత్రి తెరిచారు. 1927 జనవరిలో కలకత్తా వచ్చి, తాను పనిచేసిన ఆసుపత్రి దగ్గర కట్టిన స్మారక ద్వారాన్ని చూసుకున్నారు. 1928లో తన కాగితాలన్నీ అమ్ముకోవలసి వచ్చింది. 1931లో భార్య గతించారు. 1932 సెప్టెంబరు 16న తన పేరిటి ఆసుపత్రిలోనే రాస్ కన్నుమూశారు.

బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం నేటికీ ఉంది. హైదరాబాదు నల్లకుంటలో కోరంటి దవాఖానా అని జనం పిలిచే జ్వరాల ఆసుపత్రికి ఆయన పేరే పెట్టారు. ఆయన ఆ కణాలు చూసిన ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు.

మన నీళ్ళు, మన దోమలు

స్వాతంత్ర్యం వచ్చిన నాటికి మన దేశంలో ఏటా సుమారు ఏడున్నర కోట్ల మందికి చలిజ్వరం వచ్చేదని, 8 లక్షల మంది చనిపోయేవారని అంచనా. 1953లో జాతీయ మలేరియా కార్యక్రమం మొదలైంది. డిడిటి పంపులు భుజాన వేసుకొని ఇంటింటికీ వచ్చి గోడలకు కొట్టి, గోడ మీద తేదీ రాసిపోయిన మనుషులు ముసలివారికి ఇంకా గుర్తుంటారు. 1960ల మధ్యకు కేసులు లక్ష ప్రాంతానికి దిగాయి. రోగం పోయిందిలే అనుకొని పని సడలించారు. దోమ మందుకు అలవాటు పడింది. 1976 నాటికి కేసులు మళ్ళీ 64 లక్షలకు చేరాయి. హద్దు కిందికి దించడమే కాదు, అక్కడే నిలిపి ఉంచాలన్న రాస్ లెక్కను మరచినందుకు కట్టిన మూల్యమది. ఆ తర్వాత మళ్ళీ చాలా తగ్గింది. 2030 నాటికి దేశంలో చలిజ్వరం లేకుండా చేయాలన్నది ప్రభుత్వ లక్ష్యం.

కరువు సీమలో వాన లేదు గదా, దోమలెక్కడివి అని కొందరంటారు. ఇస్మాయిలియా ఎడారి అందుకు జవాబు. అదీగాక కరువే దోమకు ఇల్లు కట్టి ఇస్తుంది. కొళాయి నీళ్ళు రోజూ రాని ఊళ్ళో ప్రతి ఇంట్లో డ్రమ్ములు, సిమెంటు తొట్లు, బానలు నింపి పెట్టుకోక తప్పదు. డెంగీ మోసే చారల దోమకు ఆ నీళ్ళే ప్రీతి. పట్టణాల్లో చలిజ్వరం మోసే అనాఫిలిస్ రకం ఒకటి మంచినీళ్ళ ట్యాంకుల్లో, బావుల్లో గుడ్లు పెడుతుంది. పాడుపడ్డ బావి, కాల్వ పక్క మడుగు, పశువుల తొట్టి కూడా వాటికి పనికివస్తాయి.

వారానికి ఒకసారి నీళ్ళన్నీ పారబోయండని పట్నంలో చెప్పడం సులువు. బిందె నీళ్ళకు బండి కట్టుకొని పోయే ఊళ్ళో ఆ మాట చెల్లదు. అయితే పారబోయకుండానే చేయదగిన పనులున్నాయి. గుడ్డు దోమ కావడానికి ఎండాకాలంలో సుమారు వారం, పది రోజులు పడుతుంది. కనుక వారానికి ఒకసారి తొట్టి నీళ్ళను పలుచటి గుడ్డలో వడగట్టి మరో పాత్రలోకి పోసి, తొట్టి లోపలి గోడలను గట్టిగా రుద్ది, మళ్ళీ అవే నీళ్ళు పోసుకోవచ్చు. గోడకు అంటిన గుడ్లు రుద్దితేనే పోతాయి. తొట్టి మీద గుడ్డ కట్టి అంచు బిగిస్తే దోమ లోపలికి పోలేదు. అడుగు నీళ్ళు చెట్టుకు పోయవచ్చు. వాడని బావుల్లో వదలడానికి గంబూసియా చేపలను మలేరియా శాఖ వారిని అడగవచ్చు. టైర్లు, పగిలిన కుండలు, కొబ్బరి చిప్పలు వానకు ముందే ఏరివేయాలి.

చలితో జ్వరం వచ్చినవారు ఆశా కార్యకర్త వద్ద గాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గాని రక్త పరీక్ష చేయించుకోవాలి. పరీక్షకు, మందులకు డబ్బు కట్టనక్కరలేదు. జ్వరం తగ్గిందని మందులు మధ్యలో మానితే ఒంట్లో మిగిలిన విత్తనాన్ని దోమ మళ్ళీ పక్కింటికి చేరవేస్తుంది. ఒక ఇంటివారు తొట్టి శుభ్రం చేసి పక్కవారు చేయకపోతే ఫలితం సగమే. అందుకే ఈ పని వీధి వీధంతా కలిసి, వారంలో ఒకే రోజున చేసుకుంటే మేలు.